పేరు పట్టుకుని తుడిస్తే: డైరెక్టరీల తొలగింపులో ఏళ్ల తరబడి దాగిన లోపం

2022 జనవరి 20న రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష బృందం 1.58.1 అనే చిన్న వెర్షన్ విడుదల చేసింది. ప్రధానంగా ఒకే ఒక్క ఫంక్షన్‌ను సరిచేయడానికి వచ్చిన వెర్షన్ అది. ఆ ఫంక్షన్ పేరు రిమూవ్ డిర్ ఆల్. ఒక డైరెక్టరీని, అంటే ఫోల్డర్‌ను, దాని లోపలి ఫైళ్లను, వాటి కింద ఉన్న డైరెక్టరీలను మొత్తంగా తీసేయడం దాని పని. 2015 మే నెలలో వచ్చిన 1.0 మొదలుకుని 1.58.0 దాకా ప్రతి వెర్షన్‌లోనూ ఆ ఫంక్షన్‌లో భద్రతా లోపం ఉంది. బయటపడ్డ భద్రతా లోపాలకు ఇచ్చే సీవీఈ వరుసలో దానికి సీవీఈ-2022-21658 అని నంబరు పడింది.

మెమరీ భద్రతకు పేరుపడ్డ భాషలో, భాషతోపాటే వచ్చే, అనుభవజ్ఞులు రోజూ చదివే స్టాండర్డ్ లైబ్రరీలో, దాదాపు ఏడేళ్లు ఆ లోపం ఎవరి కంటా పడలేదు. ఆ వార్త బయటికి రాగానే సీ ప్లస్ ప్లస్ లైబ్రరీల నిర్వాహకులు కూడా తమ రిమూవ్ ఆల్ ఫంక్షన్‌ను తెరిచి చూసుకున్నారు. అక్కడా అదే కథ. దీన్నిబట్టి ఇది ఏదో ఒక బృందం అజాగ్రత్త అనుకోవడానికి లేదు. ఈ పనికి ఎవరికైనా మొదట తట్టే పద్ధతిలోనే చిక్కు ఉంది.

మొదట తట్టే పద్ధతి ఇలా ఉంటుంది. డైరెక్టరీలో ఏమేం ఉన్నాయో జాబితా అడుగుతాం. జాబితాలో ఒక్కో పేరు తీసుకుని, అది ఫైలా డైరెక్టరీయా అని చూస్తాం. ఫైల్ అయితే తీసేస్తాం. డైరెక్టరీ అయితే దాని పాత్‌తో, అంటే అక్కడికి దారి చెప్పే పేర్ల వరుసతో, ఇదే ఫంక్షన్‌ను మళ్లీ పిలుస్తాం. లోపల అంతా ఖాళీ అయ్యాక ఆ డైరెక్టరీని తీసేస్తాం. యూనిక్స్ తరహా సిస్టమ్‌లలో ఖాళీగా లేని డైరెక్టరీని ఆర్ఎండిర్ అనే సిస్టమ్ కాల్ (కెర్నల్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెను, పని అడిగే పిలుపు) తీయదు కాబట్టి అడుగు నుంచి పైకి రావడం తప్పదు. మొత్తం పదిహేను లైన్ల ప్రోగ్రామ్. కాలేజీ ల్యాబ్‌లో రికర్షన్ (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) నేర్పేటప్పుడు ఇచ్చే ఉదాహరణలా ఉంటుంది. మన కంప్యూటర్‌లో, మన ఫైళ్ల మీద, మనం ఒక్కరమే ఉన్నప్పుడు చక్కగా పనిచేస్తుంది కూడా.

ఇందులో సింబాలిక్ లింక్ ఒక్కటే ప్రమాదమని చాలామంది అనుకుంటారు. సింబాలిక్ లింక్ అంటే ఇంకో చోటుకు దారి చూపే చిన్న ఫైల్. తుడవాల్సిన డైరెక్టరీలో ఎవరైనా సిస్టమ్ డైరెక్టరీ వైపు చూపే లింక్ పెడితే, ప్రోగ్రామ్ దాని వెంట వెళ్లి అక్కడివి తుడిచేస్తుంది. ఈ సంగతి రస్ట్ బృందానికి తెలుసు. అందుకే లోపలికి దిగేముందు అది లింకా, నిజమైన డైరెక్టరీయా అని పాత ఫంక్షన్ కూడా చూసేది. లింక్ అయితే లింక్‌ను మాత్రమే తీసేది. అంటే తనిఖీ ఉంది. అయినా లోపం మిగిలింది.

ఎలా మిగిలిందో తెలియాలంటే పాత్ అంటే ఏమిటో కొంచెం నిదానంగా చూడాలి. ప్రోగ్రామ్ రాసేవారికి పాత్ ఒక వస్తువులా కనిపిస్తుంది. వేరియబుల్‌లో పెట్టుకుంటాం, ఒక ఫంక్షన్ నుంచి ఇంకో ఫంక్షన్‌కు అందిస్తాం. కానీ కెర్నల్ దృష్టిలో పాత్ ఒక ప్రశ్న మాత్రమే. ఒక పాత్‌తో పది సిస్టమ్ కాల్స్ చేస్తే, కెర్నల్ ఆ ప్రశ్నకు పది సార్లు మొదటి నుంచి జవాబు వెతుకుతుంది. మొదటి ముక్క ఎక్కడుంది, దాని లోపల రెండో ముక్క ఎక్కడుంది అంటూ పది సార్లూ నడుస్తుంది. ఆ పది సార్లూ ఒకే జవాబు వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేదు.

పాడుబడ్డ ఇంటిని కూల్చమని ఇంటి నంబరు రాసిచ్చి పనివాళ్లను పంపారనుకుందాం. మేస్త్రి పొద్దున వచ్చి చూశాడు. ఆ నంబరు పలక పాడుబడ్డ ఇంటికే ఉంది, సరే అనుకున్నాడు. మధ్యాహ్నం పనిముట్లతో వచ్చేసరికి ఆ పలకను ఎవరో ఊడబీకి పక్కింటి గుమ్మానికి తగిలించారు. పనివాళ్లు పలకనే నమ్ముకుని వచ్చారు. పొద్దున చేసిన తనిఖీ నిజమే, మధ్యాహ్నం చేసిన పనీ చెప్పినట్టే జరిగింది, కూలింది మాత్రం వేరే ఇల్లు. తనిఖీకీ పనికీ మధ్య ఉన్న ఈ ఖాళీనే రేస్ కండిషన్ అంటారు.

కంప్యూటర్‌లో ఈ ఖాళీ కొన్ని మైక్రోసెకన్లే కావచ్చు. అంత తక్కువ సమయంలో ఎవరు మారుస్తారులే అనిపిస్తుంది. కానీ దాడి చేసేవాడికి ఒక్క అవకాశమే ఉంటుందని ఎక్కడా లేదు. వేల సార్లు ప్రయత్నించవచ్చు. తుడవాల్సిన డైరెక్టరీలో లక్షల ఫైళ్లు నింపి, తుడిచే ప్రోగ్రామ్‌ను తనకు కావాల్సినంత సేపు నెమ్మదింపజేయవచ్చు. పైగా 2014లో లినక్స్ 3.15తో వచ్చిన రీనేమ్‌యాట్2 అనే కాల్‌తో రెండు పేర్లను ఒకే దెబ్బకు అటూ ఇటూ మార్చేయవచ్చు. ఒక క్షణం డైరెక్టరీ, మరుక్షణం లింక్, మళ్లీ డైరెక్టరీ. లూప్‌లో దాన్ని తిప్పుతూ కూర్చుంటే ఎప్పుడో ఒకప్పుడు సరిగ్గా తనిఖీ అయ్యాక, పని మొదలయ్యే ముందు మార్పు పడుతుంది.

ఇదంతా ఎప్పుడు ముఖ్యమంటే, తుడిచే ప్రోగ్రామ్‌కు ఎక్కువ అధికారం ఉండి, తుడవబడే చోట తక్కువ అధికారం ఉన్నవాళ్లు కూడా రాయగలిగినప్పుడు. అలాంటి సందర్భాలు మనం అనుకునే దానికంటే ఎక్కువ. రాత్రిపూట రూట్ అధికారంతో, అంటే అన్నీ చేయగల అధికారంతో, నడుస్తూ తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ డైరెక్టరీని శుభ్రం చేసే ప్రోగ్రామ్. యూజర్ అకౌంట్ తీసేస్తూ వాళ్ల హోమ్ డైరెక్టరీని తుడిచే సాధనం. కంటైనర్ (మిగతా సిస్టమ్ నుంచి విడిగా ప్రోగ్రామ్‌లు నడిచే గది) పని ముగిశాక దాని ఫైళ్లను తీసే సర్వీస్. విద్యార్థులు పంపిన ప్రోగ్రామ్‌లను నడిపి, తర్వాత ఆ చోటంతా ఊడ్చే పరీక్షా సర్వర్. వీటన్నిటిలోనూ లోపల ఏముందో నిర్ణయించేది ఒకరు, తుడిచేది ఇంకొకరు.

రస్ట్ బృందం ఇచ్చిన హెచ్చరికలో ఒక వాక్యానికి రావాల్సినంత పేరు రాలేదు. రిమూవ్ డిర్ ఆల్‌ను పిలిచే ముందు మీ ప్రోగ్రామ్‌లో మీరు అదనంగా తనిఖీలు పెట్టుకున్నా ఉపయోగం లేదని, ఆ తనిఖీలకూ ఇదే రేస్ వర్తిస్తుందని అందులో స్పష్టంగా చెప్పారు. కోడ్ రివ్యూలలో ఇప్పటికీ ఈ తప్పు కనిపిస్తుంది. లోపం ఉందని చెబితే ఇంకో తనిఖీ చేరుస్తారు. పేరు మీద చేసే తనిఖీ ఎన్నిసార్లు చేసినా ఖాళీ కొంచెం చిన్నదవుతుంది, మూసుకుపోదు. రస్ట్ కంపైలర్ కూడా ఇక్కడ ఏమీ చేయలేదు. ఒక ప్రోగ్రామ్‌లోని థ్రెడ్‌లు (ఒకేసారి నడిచే భాగాలు) ఒకే డేటాను కలబడి మార్చకుండా అది ఆపగలదు కానీ, ఫైల్ సిస్టమ్ అందరిదీ. పక్క ప్రాసెస్, అంటే నడుస్తున్న ఇంకో ప్రోగ్రామ్, ఏం చేస్తుందో కంపైలర్ చూడలేదు.

మరి దారేమిటంటే పలకను నమ్మడం మానేసి ఇంట్లోకి వెళ్లి నిలబడటం. డైరెక్టరీని ఒక్కసారి తెరిస్తే కెర్నల్ ఒక ఫైల్ డిస్క్రిప్టర్ ఇస్తుంది. అది చూడ్డానికి చిన్న అంకె, కానీ దాని వెనక కెర్నల్ పట్టుకుని ఉన్నది పేరును కాదు, ఆ డైరెక్టరీనే. ఆ తర్వాత ఎవరు ఎన్నిసార్లు పేరు మార్చినా, వేరే చోటుకు జరిపినా, డిస్క్రిప్టర్ అదే డైరెక్టరీని చూపిస్తుంది. ఇక లోపలి ప్రతి పనీ దాన్ని ఆధారం చేసుకునే జరగాలి. ఇందుకోసమే ఓపెన్‌యాట్, అన్‌లింక్‌యాట్, ఎఫ్‌స్టాట్‌యాట్ అనే సిస్టమ్ కాల్స్ ఉన్నాయి. ఇవి 2006లో లినక్స్ 2.6.16తో వచ్చాయి, 2008లో యూనిక్స్ తరహా సిస్టమ్‌లకు ఉమ్మడిదైన పోసిక్స్ ప్రమాణంలో చేరాయి. పూర్తి పాత్ అడగకుండా, "ఈ డిస్క్రిప్టర్ చూపే డైరెక్టరీలో ఈ పేరున్నదాన్ని" అని ఇవి పనిచేస్తాయి.

సరిగ్గా రాసిన ప్రోగ్రామ్ నడక ఇలా ఉంటుంది. పైడైరెక్టరీ డిస్క్రిప్టర్ చేతిలో పెట్టుకుని, లోపలి పేరును ఓపెన్‌యాట్‌తో తెరుస్తుంది. తెరిచేటప్పుడు రెండు షరతులు పెడుతుంది. ఇది డైరెక్టరీ అయితేనే తెరువు, లింక్ అయితే దాని వెంట వెళ్లకు. చూడటం, తెరవడం రెండూ ఒకే సిస్టమ్ కాల్‌లో కలిసిపోయాయి కాబట్టి మధ్యలో దూరడానికి సందు లేదు. ఆ పేరు అప్పుడే లింక్‌గా మారి ఉంటే ఎర్రర్ వస్తుంది, అంతే. తెరుచుకుంటే, వచ్చిన డిస్క్రిప్టర్‌తో జాబితా చదివి, ఫైళ్లను అన్‌లింక్‌యాట్‌తో తీస్తుంది. అన్‌లింక్‌యాట్ చివరి పేరు లింక్ అయితే దాని వెంట వెళ్లదు, లింక్‌నే తీస్తుంది. ఫైల్ అనుకున్నది డైరెక్టరీగా మారిపోతే లినక్స్‌లో ఎర్రర్ వస్తుంది. డైరెక్టరీని తీయమంటే అక్కడ లింక్ ఉన్నా ఎర్రరే. దాడి చేసేవాడు ఏ క్షణంలో ఏం మార్చినా, పోయేది అతని డైరెక్టరీలో అతను పెట్టిందే. తనిఖీల సంఖ్య పెంచకుండానే భద్రత వచ్చిందని గమనించాలి.

డైరెక్టరీ అయితేనే తెరువు అనే షరతుకు ఇంకో లాభం కూడా ఉంది. జాబితా చదివేటప్పుడు కొన్ని ఫైల్ సిస్టమ్‌లు ఆ పేరు వెనక ఉన్నది ఏ రకమో చెప్పవు, తెలియదని ఊరుకుంటాయి. అప్పుడు గుడ్డిగా తెరిస్తే అది పైప్ (రెండు ప్రోగ్రామ్‌లు డేటా పంపుకునే దారి) కావచ్చు, ప్రోగ్రామ్ అక్కడే ఆగి ఎదురుచూస్తూ ఉండిపోవచ్చు. షరతు ఉంటే కెర్నల్ ముందే కాదంటుంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. లింక్ వెంట వెళ్లకు అనే షరతు పాత్‌లోని చివరి ముక్కకే వర్తిస్తుంది. మూడు ముక్కల పాత్ ఇచ్చి ఆ షరతు పెడితే, మొదటి రెండు ముక్కలు లింకులైనా కెర్నల్ మారుమాట లేకుండా వాటి వెంట నడుస్తుంది. అందుకే ఒక్కో మెట్టుకు ఒక్క పేరే ఇచ్చుకుంటూ దిగాలి. మరి అన్నిటికంటే పైన, పని మొదలుపెట్టిన పాత్ సంగతి? లైబ్రరీ ఫంక్షన్ దాన్ని పిలిచినవాళ్ల బాధ్యతకే వదిలేస్తుంది. ఆ పాత్‌లో మధ్య ముక్కలు అపరిచితుల చేతిలో ఉంటే, 2020లో లినక్స్ 5.6తో వచ్చిన ఓపెన్‌యాట్2 వాడాలి. దారి మొత్తంలో ఎక్కడా లింక్ ఉండకూడదని గానీ, ఈ డైరెక్టరీ గడప దాటకూడదని గానీ దానికి చెప్పవచ్చు.

ఈ పద్ధతి రస్ట్ కంటే ముందే కొన్ని భాషలు పట్టుకున్నాయి. పైథాన్ 2012లో, 3.3 వెర్షన్‌తో డైరెక్టరీని మొత్తంగా తుడిచే తన ఆర్ఎంట్రీ ఫంక్షన్‌ను డిస్క్రిప్టర్ల మీదికి మార్చింది. మీరు వాడుతున్న సిస్టమ్‌లో ఆ రక్షణ ఉందో లేదో అడిగి తెలుసుకునే సౌకర్యం కూడా ఇచ్చింది. జావా 7లోనూ ఇందుకు పనిముట్టు ఉంది, కానీ ఎక్కువమంది కాపీ చేసుకునే ఉదాహరణలు పాత్‌లతోనే నడుస్తాయి. తెలిసిన జబ్బుకు తెలిసిన మందు పక్కింట్లో ఉండగా ఏడేళ్లు పట్టడం బాధాకరమే. భాషలు ఒకదాని లైబ్రరీని ఇంకొకటి చదివి నేర్చుకునే అలవాటు ఇంకా తక్కువగానే ఉంది.

డిస్క్రిప్టర్ పట్టుకుంటే అన్నీ తీరిపోయాయని అనుకోకూడదు. ఒక్కో మెట్టుకు ఒక డిస్క్రిప్టర్ చొప్పున పట్టుకుంటూ దిగితే, చాలా లినక్స్ సిస్టమ్‌లలో ఒక ప్రాసెస్‌కు మామూలుగా ఉండే పరిమితి 1024. వెయ్యికి మించి లోతున్న డైరెక్టరీల వరుసను ఎవరైనా రెండు లైన్ల స్క్రిప్ట్‌తో సృష్టించవచ్చు. లినక్స్‌లో ఒక్క కాల్‌కు ఇచ్చే పాత్ 4096 బైట్లు దాటకూడదన్న నియమం ఉన్నా, లోపలికి దిగుతూ, దిగుతూ సృష్టించే డైరెక్టరీలను అది ఆపదు. నిజానికి పాత్‌లతో తుడిచే ప్రోగ్రామ్‌లు ఈ లోతుల్లో ఇంకో రకంగా చతికిలపడతాయి, పేరు పొడవు చాలక. గో భాష 1.12 వెర్షన్ విడుదల పత్రంలో ఇకపై 4096 దాటిన పాత్‌లను కూడా తీయగలమని రాసుకున్నది ఇందుకే.

డిస్క్రిప్టర్లు చాలకపోతే పైవాటిని మూసేసి, తిరిగి వచ్చేటప్పుడు రెండు చుక్కల పేరుతో, అంటే పైడైరెక్టరీకి ఉండే పేరుతో, ఎక్కి రావచ్చు కదా అనిపిస్తుంది. ఇది పాత యూనిక్స్ సాధనాల పద్ధతే. 2002లో దీనికీ ఒక దెబ్బ తగిలింది. గ్నూ ఫైల్ యుటిలిటీస్ 4.1 అనే సాధనాల కట్టలోని, ఫైళ్లను తీసే ఆర్ఎం కమాండ్ డైరెక్టరీలోకి దిగి, పని అయ్యాక రెండు చుక్కలతో పైకి వచ్చేది. అది లోతున ఉన్న సమయంలో, తాను నిలబడ్డ డైరెక్టరీనే ఎవరైనా ఎత్తి పై మెట్టుకు జరిపితే? పైకి ఎక్కేటప్పుడు లెక్క తప్పుతుంది. ఎక్కాల్సిన దానికంటే ఇంకా పైకి, చివరికి అన్నిటికీ పైనున్న రూట్ డైరెక్టరీ దాకా వెళ్లి అక్కడ తుడవడం మొదలుపెట్టవచ్చు. సీవీఈ-2002-0435 అదే. ఇందులో సింబాలిక్ లింక్ పాత్రే లేదు. రెండు చుక్కలు కూడా ఒక పేరే, ఆ పేరు అడిగిన క్షణాన్ని బట్టి జవాబు మారుతుంది. ఈ సూక్ష్మం వల్ల పాతదైనా ఈ ఉదంతాన్ని మళ్లీ మళ్లీ చదవాలి.

దీనికి విరుగుడు, దిగేటప్పుడే ఆ డైరెక్టరీ డివైస్ నంబరు (ఏ డిస్క్‌లో ఉందో చెప్పేది), ఐనోడ్ నంబరు (ఆ డిస్క్‌లో అది ఏదో చెప్పేది) రాసుకోవడం. రెండు చుక్కలను తెరిచాక, వచ్చిన డిస్క్రిప్టర్‌నే ఎఫ్‌స్టాట్‌తో అడిగి, ఆ రెండు నంబర్లూ సరిపోతేనే ముందుకు సాగాలి. సరిపోకపోతే ఎవరో కదిపారని అర్థం, అక్కడితో ఆపేయాలి. ఇది కూడా తనిఖీయే కదా అనవచ్చు. కానీ ఇక్కడ తనిఖీ జరిగేది చేతిలో ఉన్న డిస్క్రిప్టర్ మీద, పేరు మీద కాదు. తనిఖీ చేసిన వస్తువు మీదే తర్వాతి పని జరుగుతుంది.

లోతు ఇంకో ఇబ్బంది కూడా తెస్తుంది. ఫంక్షన్ తనను తాను పిలుచుకుంటూ దిగితే, ప్రతి మెట్టుకూ కొంత స్టాక్, అంటే ఫంక్షన్ పిలుపులకు కేటాయించిన పరిమితమైన మెమరీ, ఖర్చవుతుంది. రస్ట్ లోపం బయటపడిన అదే నెలలో, లినక్స్‌ను మొదలుపెట్టి సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలో సీవీఈ-2021-3997 వెలుగులోకి వచ్చింది. టెంప్ డైరెక్టరీలో అతి లోతైన వరుస సృష్టిస్తే, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు దాన్ని శుభ్రం చేయబోయే సిస్టమ్‌డీ టెంప్‌ఫైల్స్ స్టాక్ అయిపోయి కూలిపోయేది. మామూలు యూజర్ పెట్టిన డైరెక్టరీ వల్ల మెషిన్ బూట్ కావడానికే ఆటంకం. సరిచేసినప్పుడు రికర్షన్ తీసేసి, దిగాల్సిన చోట్లను మెమరీలో జాబితాగా పెట్టుకునే లూప్ రాశారు. పాఠ్యపుస్తకంలో రికర్షన్ అందంగా ఉంటుంది. లోతును అవతలివాడు నిర్ణయించే చోట మాత్రం వాడకూడదు.

అనుమతుల విషయం చాలామందికి వింతగా ఉంటుంది. ఫైల్‌ను తీయడానికి ఆ ఫైల్ మీద రాసే అనుమతి అక్కర్లేదు, అది ఉన్న డైరెక్టరీ మీద ఉండాలి. ఎందుకంటే తీయడం అంటే డైరెక్టరీ అనే పట్టికలో ఒక పేరు కొట్టేయడమే. ఆ డైరెక్టరీకి అనుమతి లేకపోతే పని ఆగుతుంది. అప్పుడు కొన్ని ప్రోగ్రామ్‌లు అనుమతులు మార్చి మళ్లీ ప్రయత్నిస్తాయి. పెర్ల్ భాషలోని ఆర్ఎంట్రీ ఈ సాయం చేయబోయి 2004లో ఒకసారి, 2017లో మరోసారి భద్రతా లోపాల జాబితాకు ఎక్కింది. తుడిచేలోగా అందరికీ తెరిచిపెట్టడం ఒక తప్పు, పాత్ మీద అనుమతి మార్చడం ఇంకో తప్పు. తప్పనిసరైతే తెరిచిన డిస్క్రిప్టర్ మీదే మార్చాలి. అసలు మార్చకుండా ఎర్రర్ చెప్పి ఆగడమే మేలని చెప్పాలి.

దాడి చేసేవాళ్లు ఎవరూ లేకపోయినా నష్టం తెచ్చేవి మౌంట్‌లు, అంటే ఒక డైరెక్టరీలో కనిపించేలా తగిలించిన వేరే డిస్క్‌లు. వేరే లినక్స్‌ను ఒక డైరెక్టరీలో నిలబెట్టి పనిచేసేవాళ్లు దాని లోపల అసలు హోమ్‌ను బైండ్ మౌంట్ చేస్తారు, అంటే ఆ డైరెక్టరీనే అక్కడా కనిపించేలా తగిలిస్తారు. నెల తర్వాత ఆ సంగతి మరిచి డైరెక్టరీని తుడుస్తారు. మౌంట్ అయిన చోటును తీయలేమని కెర్నల్ చివర్లో అంటుంది, కానీ అప్పటికే లోపల ఉన్నవన్నీ పోయి ఉంటాయి. గ్నూ ఆర్ఎంలో ఒకే ఫైల్ సిస్టమ్‌లో ఉండమనే ఆప్షన్ ఉంది. అది డివైస్ నంబరు చూసి పనిచేస్తుంది. బైండ్ మౌంట్ అదే డిస్క్‌లోని ఇంకో డైరెక్టరీ అయితే డివైస్ నంబరు ఒకటే, కాబట్టి ఆ ఆప్షన్‌కు అది కనపడదు. లినక్స్ 5.8 నుంచి స్టాట్‌ఎక్స్ అనే కాల్ మౌంట్ నంబరును కూడా చెబుతోంది. కొత్తగా ఇలాంటి సాధనం రాసేవాళ్లు దాన్ని వాడుకోవాలి.

2016లో దీనికి ఇంకా దారుణమైన రూపం కనిపించింది. కంప్యూటర్ ఫర్మ్‌వేర్ (ఆన్ చేయగానే మొదట నడిచే, మెషిన్‌లోనే ఉండే ప్రోగ్రామ్) సెట్టింగులు కూడా లినక్స్‌లో ఒక డైరెక్టరీలో ఫైళ్లలా కనిపిస్తాయి. రూట్ నుంచి అంతా తుడిచినప్పుడు అవి కూడా తుడిచిపెట్టుకుపోయి, కొన్ని ల్యాప్‌టాప్‌లు మళ్లీ ఆన్ కాకుండా పోయాయి. డిస్క్ మార్చినా లాభం లేదు. ఆ తర్వాత 4.5 కెర్నల్‌తో వాటిలో చాలావాటిని మామూలుగా తీయలేనివిగా చేశారు.

షెల్ (టైప్ చేసిన కమాండ్‌లను నడిపే ప్రోగ్రామ్) స్క్రిప్ట్‌ల పొరపాట్లు అందరికీ తెలిసినవే కాబట్టి ఒక్కటి చాలు. 2015 జనవరిలో లినక్స్‌లోని స్టీమ్ అనే గేముల ప్రోగ్రామ్ స్క్రిప్ట్ ఒక యూజర్ ఫైళ్లన్నిటినీ తుడిచేసింది. స్టీమ్ ఉన్న చోటును వేరియబుల్‌లో పెట్టుకుని, దాని వెనక స్లాష్, నక్షత్రం చేర్చి తీసేయమని అందులో రాసి ఉంది. పక్కనే భయంగా ఉందన్న వ్యాఖ్య కూడా ఉంది. ఆ యూజర్ స్టీమ్ డైరెక్టరీని వేరే చోటుకు జరపడంతో వేరియబుల్ ఖాళీగా వచ్చింది, కమాండ్ రూట్ మీద పడింది. మౌంట్ అయి ఉన్న బ్యాకప్ డ్రైవ్ కూడా పోయింది. రూట్‌ను తుడవనని మొండికేసే రక్షణ గ్నూ ఆర్ఎంలో 2006 నుంచే ఉంది. అది ఎందుకు ఆపలేదంటే, నక్షత్రాన్ని షెల్ ముందే విప్పేసింది. ఆర్ఎం కమాండ్‌కు స్లాష్ కనిపించలేదు, దాని కింద ఉన్న పేర్ల వరుస కనిపించింది. నిర్వచించని వేరియబుల్ వస్తే ఆగిపోమనే షెల్ ఆప్షన్ కూడా ఇక్కడ పనికిరాదు. ఈ వేరియబుల్ నిర్వచించే ఉంది, అందులో ఏమీ లేదు. వేరియబుల్ పేరుకు కోలన్, ప్రశ్నార్థకం చేర్చి రాసే పద్ధతి ఖాళీ విలువను కూడా పట్టుకుంటుంది.

విండోస్‌లో సింబాలిక్ లింక్ పాత్రను జంక్షన్ పోషిస్తుంది. రస్ట్ సరిచేసినప్పుడు అక్కడి వైపు కూడా హ్యాండిల్స్ (విండోస్‌లో డిస్క్రిప్టర్‌లాంటివి) మీదికి మార్చారు. విండోస్‌కే ప్రత్యేకమైన చికాకు ఇంకొకటి ఉంది. ఫైల్‌ను తీసేయమంటే, ఇంకెవరైనా దాన్ని తెరిచి ఉంచితే, వాళ్లు మూసేదాకా ఆ పేరు అలాగే ఉంటుంది. యాంటీవైరస్ చూస్తున్న ఒక్క ఫైల్ వల్ల పైడైరెక్టరీ ఖాళీ కాలేదని ఎర్రర్ వస్తుంది. విండోస్ 10లో పేరును వెంటనే తీసేసే పోసిక్స్ తరహా పద్ధతి చేరాక ఇది చాలావరకు తగ్గింది. తుడవడం మాత్రమే కదా, ఫైళ్లు పోతాయి అంతే కదా అనేవారికి కూడా విండోస్‌లోనే జవాబు దొరికింది. ఎక్కువ అధికారమున్న సర్వీస్ చేత తనకు నచ్చిన ఫోల్డర్‌ను తీయించగలిగినవాడు, విండోస్ ఇన్‌స్టాలర్ తన రోల్‌బ్యాక్ (చేసిన మార్పులను వెనక్కి తిప్పే) స్క్రిప్ట్‌లు దాచుకునే ఫోల్డర్‌ను తీయించి, దాని స్థానంలో తనది పెట్టి, మొత్తం సిస్టమ్‌నే చేజిక్కించుకోవచ్చని 2022లో భద్రతా పరిశోధకులు చూపించారు.

తుడవడం ఒక్క క్షణంలో జరిగే పని కాదన్నది ఇంకా చెప్పుకోవాలి. మధ్యలో కరెంటు పోతే సగం డైరెక్టరీ మిగులుతుంది. ఆ సగాన్ని ఇంకో ప్రోగ్రామ్ నిజమైన క్యాష్ (మళ్లీ వాడుకోవడానికి దాచిన డేటా) అనుకుని వాడుకుంటే వచ్చే తప్పులు పట్టుకోవడం మహా కష్టం. అందుకే మంచి ప్రోగ్రామ్‌లు ముందు డైరెక్టరీ పేరును అదే ఫైల్ సిస్టమ్‌లో, తమకు మాత్రమే అందే చోటుకు మార్చేస్తాయి. పేరు మార్చడం అవిభాజ్యం, జరిగితే మొత్తం జరుగుతుంది, లేకపోతే లేదు. ఆ తర్వాత తీరిగ్గా తుడుస్తాయి. మధ్యలో ఆగితే, మళ్లీ మొదలైనప్పుడు ఆ చోట మిగిలిన వాటిని ఊడుస్తాయి. ఇద్దరు ఒకేసారి తుడుస్తుంటే పేరు లేదన్న ఎర్రర్ వస్తుంది. అది పని జరిగిందన్న కబురే కాబట్టి దాన్ని వైఫల్యంగా లెక్కించకూడదు. ఖాళీ కాలేదన్న ఎర్రర్ పదే పదే వస్తుంటే మాత్రం లోపల ఎవరో ఇంకా రాస్తున్నారు. తుడిచే లూప్‌ను పెంచేకంటే ముందు ఆ ప్రాసెస్‌ను ఆపడం అవసరం.

ఇన్ని చేసినా లినక్స్‌లో ఒక ఖాళీ మిగిలే ఉంది. అన్‌లింక్‌యాట్ ఎంత జాగ్రత్తగా వాడినా, చివరికి అది తీసేది ఒక పేరును. మొత్తం డైరెక్టరీని తుడిచేటప్పుడు దీనివల్ల నష్టం లేదు, ఎలాగూ అన్నీ పోవాల్సినవే. కానీ పది రోజులు దాటిన ఫైళ్లను మాత్రమే తీసే ప్రోగ్రామ్‌కు ఇది ఇబ్బందే. ఫైల్ వయసు చూసింది, పాతదే. తీయబోయే లోపు ఆ పేరుతో కొత్త ఫైల్ వచ్చి చేరింది. తీసేది దాన్నే. ఫ్రీబీఎస్‌డీ అనే యూనిక్స్ తరహా సిస్టమ్ 13వ వెర్షన్‌లో ఎఫ్‌అన్‌లింక్‌యాట్ అనే కాల్ వచ్చింది. పేరుతోపాటు డిస్క్రిప్టర్ కూడా ఇస్తే, ఆ పేరు ఇప్పటికీ ఆ ఫైల్‌నే చూపిస్తేనే తీస్తుంది. అలాంటి కాల్ లినక్స్‌లో లేదు. అక్కడ సిస్టమ్‌డీ టెంప్‌ఫైల్స్ ఒక ఒప్పందంతో నెట్టుకొస్తోంది. తన డైరెక్టరీ మీద లాక్ వేసి ఉంచిన ప్రోగ్రామ్ జోలికి అది వెళ్లదు. లాక్ వేయడం తెలియని ప్రోగ్రామ్‌ల ఫైళ్లకు ఆ రక్షణ అందదు.